ఫోన్‌కి అవతలి వైపు

లైటు తీసెయ్యమని ఈయన రెండుసార్లు అన్నారు. హాల్లోకి వచ్చి కూర్చున్నాను.

ఇవాళ మా నర్సింగ్ పిల్లలకీ, హౌస్ సర్జన్లకీ కలిపి క్లాసు. దీనికోసం చాలామంది చుట్టూ తిరిగాను. ఎంబీబీఎస్ వాళ్లకి 2019 బ్యాచ్ నుంచి ఎట్‌కామ్ అని కమ్యూనికేషన్ పాఠాలున్నాయి, మావాళ్లకి మా సిలబస్‌లో ఉన్నాయి. రేపు ఒకే మంచం దగ్గర పనిచెయ్యాల్సిన వాళ్లు ఎవరి గదిలో వాళ్లు కూర్చుని టీమ్‌వర్క్ నేర్చుకోవడం నాకు మొదటి నుంచీ మింగుడుపడదు.

రోల్‌ప్లే ఇచ్చాం. చార్టులో ఇన్సులిన్ 4 యూనిట్లు. అంకె పక్కన ఇంగ్లిష్ ‘యు’ అక్షరం గొలుసుకట్టుగా రాస్తే సున్నాలా కనబడి 40 అవుతుంది. నిజం వార్డుల్లో ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటే ఇది. నర్సు డాక్టరుకి ఫోన్ చేసి ఎస్‌బార్ పద్ధతిలో చెప్పాలి: ఇప్పుడేం జరుగుతోంది, పేషెంటు వెనకటి సంగతేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకి వచ్చిన పద్ధతి.

నర్సుగా మాట్లాడిన మా పిల్ల క్లాసులో నోరు విప్పదు. అలాంటిది చార్టు మీద వేలు పెట్టి, "సార్, ఇది 40 ఆ, 4 ఆ? షుగరు 160 ఉంది. నాకు 4 అనే అనిపిస్తోంది, ఒకసారి చెప్పండి" అంది. ఒక్క ముక్క తప్పు లేదు. డాక్టరుగా చేస్తున్న హౌస్ సర్జన్ అబ్బాయి సెల్ చూసుకుంటూ, "చార్టులో ఉన్నది ఇచ్చెయ్యండి సిస్టర్" అన్నాడు. వెనక నవ్వులు. ఈ పిల్ల "సరే సార్" అంది.

ఇంజెక్షన్ బొమ్మకే. అయినా ఆ "సరే సార్" నన్ను పడుకోనివ్వడం లేదు.

నేను కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు మా వార్డులో ఒక పెద్ద సిస్టర్ ఉండేవారు. రాత్రిపూట డాక్టరుకి ఫోన్ చేసేముందు బీపీ తనే మళ్లీ చూసి, పాత చీటీ వెనకాల నాలుగు ముక్కలు రాసుకునేవారు. "వాళ్లు నిద్రలోంచి లేస్తారమ్మా, మనమే విడమరిచి చెప్పాలి" అనేవారు. ఆర్డరు రాసుకుని తిరిగి చదివి వినిపించి, అవతల "అవును" అనేదాకా రిసీవరు పెట్టేవారు కాదు. ఒక రాత్రి డ్యూటీ డాక్టరు విసుక్కుని మధ్యలో పెట్టేశాడు. ఆవిడ మళ్లీ చేశారు. మళ్లీ పెట్టేశాడు. నన్ను పేషెంటు దగ్గర నిలబెట్టి, కేస్ షీటు పట్టుకుని మెట్లెక్కి వెళ్లి తలుపు కొట్టారు. ఆయన చిరచిరలాడుతూ వచ్చాడు, పేషెంటుని చూశాడు, ఇంక తెల్లారేదాకా కదల్లేదు. పొద్దున ఆయనకి టీ తెప్పించింది కూడా ఆవిడే.

ఇందాకటి దాకా, మా పిల్లలకి ఇదే నేర్పాలి, ఒకసారి వినకపోతే రెండోసారి అడగాలి, అప్పటికీ వినకపోతే పైవాళ్లకి చెప్పాలి అనుకున్నాను. ఇది రాస్తుంటే మనసొప్పడం లేదు. ఆ పిల్ల చెప్పాల్సింది చెప్పింది. విననివాడిని వదిలేసి, చెప్పిన పిల్లకే ఇంకో పాఠం ఏమిటి? నేర్పాల్సింది ఫోన్ ఎత్తేవాడికి. అతని లాగ్‌బుక్‌లో మాత్రం క్లాసు పూర్తయినట్టు సంతకం పడిపోయింది.

అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రి డ్యూటీ చేసొచ్చినట్టున్నాడు. ఆ మాట కూడా అతని సొంతం కాదేమో, రౌండ్స్‌లో పెద్దవాళ్ల నోట విన్నదే అయ్యుంటుంది. అలాగని నా కోపమేం తగ్గలేదు. కాకపోతే అతనొక్కడి మీద చూపించి లాభం లేదు.

క్లాసయ్యాక ఒక హౌస్ సర్జన్ అమ్మాయి మా పిల్లల పేర్లన్నీ అడిగి తెలుసుకుంది. ఆపరేషన్ మొదలెట్టే ముందు అందరూ పేరూ, పనీ చెప్పుకోవాలని 2008లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెక్‌లిస్టులో ఉంది, అది చదివిందట. చాలా సంతోషమేసింది.

వచ్చే క్లాసులో ఫోన్ చేసేది హౌస్ సర్జన్లు, ఎత్తేది ప్రొఫెసర్లు అయితే బావుంటుంది. పిల్లలందరి ఎదుటా, సెల్ పక్కన పెట్టి. రేపు ప్రిన్సిపల్ మేడంని అడుగుతాను. ప్రొఫెసర్ల దగ్గరికి నేనే వెళ్లి అడగమంటే అదీ చేస్తాను.