32.1 దాటితే పని ఆపాలి

ఖతార్‌లో వేసవి పనివేళల నిబంధన ఒకప్పుడు గడియారాన్ని మాత్రమే నమ్ముకునేది. 2007 నాటి నియమం ప్రకారం జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, పదకొండున్నర మొదలు మూడింటి దాకా ఎండలో పని నిషేధం. మూడు దాటాక ఎంత ఉక్కపోసినా కడ్డీలు మోయాల్సిందే. 2019 వేసవిలో అంతర్జాతీయ కార్మిక సంస్థ తరఫున గ్రీస్‌లోని థెస్సలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు వచ్చి, ఇక్కడి కార్మికుల ఒంటి మీద వేడి ప్రభావాన్ని పనిచోటే కొలిచారు. 2021లో కొత్త ఉత్తర్వు వచ్చింది. నిషేధం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, పదింటి నుంచి మూడున్నర దాకా పెరిగింది. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటుంది: గాలి వేడి, ఎండ తాపం, తేమ మూడూ కలిపి లెక్కగట్టే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి.

దోహాలో సేఫ్టీ ఆఫీసర్‌గా వేసవంతా నా ధ్యాస ఆ అంకె మీదే. దాన్ని కొలిచే మీటరులో, మూడు కాళ్ల స్టాండు మీద మూడు థర్మామీటర్లు ఉంటాయి. ఒకటి గాలి వేడిని చూపుతుంది, ఒకటి నల్లటి గోళంలో ఉండి ఎండ తాపాన్ని పడుతుంది, మూడోదానికి తడి వత్తి చుట్టి ఉంటుంది. లెక్కలో పదింట ఏడు వంతులు ఆ తడి వత్తివే. జూన్‌లో పొడిగాలి వీచే రోజు గాలి 44, గోళం 52, తడి వత్తి 25 చూపితే మొత్తం 32.3 వస్తుంది. సెప్టెంబరులో పొద్దు గుంకాక గాలి, గోళం రెండూ 35 దగ్గరే ఉన్నా, సముద్రపు తేమతో తడి వత్తి 31కి చేరితే 32.2. రెండూ దాదాపు ఒకే ప్రమాదం.

"అన్నా, ఎండ పోయింది కదా, ఇంకా ఎందుకు కూర్చోబెట్టారు?" అని కడ్డీలు కట్టే కుర్రాడు అడిగితే వత్తి చూపించాను. అది ఆరడం లేదంటే నీ చెమటా ఆరడం లేదు, లోపలి వేడికి బయటికి దారి లేదు అని చెప్పాను. వెంటనే అర్థమైంది అతనికి.

నిబంధన మంచిదే, కానీ మీటరు ఎక్కడ పెడతామన్నదే అసలు సంగతి. స్లాబు పోసే రోజున దాన్ని నీడకు జరపమన్న ఫోర్‌మన్లను చూశాను. నేను ఒప్పుకోను. కడ్డీల మధ్య, మనుషులు వంగి పనిచేసే చోటే పెడతాను. ప్రమాదం అనిపిస్తే పని మానుకునే హక్కును ఆ ఉత్తర్వు కార్మికుడికీ ఇచ్చింది. అంకె కంటపడకపోతే అతను ఆ హక్కును వాడుకునేదెలా? అందుకే గంటగంటకీ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాను. ప్రతి సైటులోనూ ఇలా రాయడాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి.