గుంటలో నింపిన తెల్ల లిల్లీలు

గ్రీసులోని క్రీట్ దీవిలో ఉన్న క్నోసోస్ అనే పురాతన రాజభవనం శిథిలాలు చూసి, మధ్యాహ్నానికల్లా నీరసంగా తిరిగొచ్చాను. నేను దిగిన ఇరాక్లియో నగరం నుంచి సిటీ బస్సులో ఐదు కిలోమీటర్లే. అక్కడ ఒక శాండ్‌విచ్, నీళ్ల బాటిల్‌కి పెట్టిన డబ్బుతో మన దగ్గర నలుగురు కడుపునిండా టిఫిన్ చేయొచ్చు. దాన్నయినా మర్చిపోవచ్చు గానీ, గోడల మీది బొమ్మలన్నీ కాపీలేనని తెలిసి మనసు చివుక్కుమంది. లిల్లీపూల కిరీటం పెట్టుకున్న రాకుమారుడి దగ్గర ఫోటోల కోసం ఒకటే తోపులాట. 1901లో తవ్వకాల్లో దొరికినవి కిరీటం, ఛాతీ, కాలు తాలూకు ముక్కలే. ఆ ముఖం, తవ్వకాలు జరిపించిన ఆర్థర్ ఎవాన్స్ పెట్టుకున్న చిత్రకారుడి ఊహ. కుంకుమపువ్వు కోస్తున్న నీలం బొమ్మనైతే అబ్బాయి అనుకుని పూర్తిచేశారు. అది కోతి అని తర్వాత నికోలావోస్ ప్లాటన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తేల్చాడు.

ఆ చిరాకుతోనే ఇరాక్లియో మ్యూజియం మేడ మెట్లెక్కాను.

అక్కడ అమ్నిసోస్ లిల్లీలు కనిపించాయి, దగ్గర్లోని అమ్నిసోస్ అనే చోట దొరికిన గోడ బొమ్మలు. 1932లో మరినాటోస్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి తీసినవి, 3,500 ఏళ్లనాటివి. ఎర్రటి గోడ మీద నిటారుగా తెల్లటి పూలు. ముందు నుంచి చూస్తే మామూలు పెయింటింగే. పక్కకి జరిగి చూశాక తెలిసింది, ఇది పైపైన పూసిన రంగు కాదు. పువ్వు ఆకారం మేరకు ఎర్ర పూతను చెక్కి తీసేసి, ఆ గుంటలో తెలుపు నింపారు. చిన్నప్పుడు మా ఇంటి గోడ తడిగా ఉండగానే మేకుతో పేరు గీసి తాతయ్య చేత తిట్లు తిన్నాను. ఆ అక్షరాలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. ఈ రేకుల మీద కూడా అలా వేలు పెట్టి చూడాలనిపించింది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

సాయంత్రం ఒక సందులో, చిన్న కొట్టు ముందు కూర్చుని ఒక పెద్దావిడ సున్నపు పలక మీద అవే లిల్లీలు వేస్తోంది. ఒకచోట రెండు రేకులు, సగం కాడ వేయకుండా వదిలేసింది.

"అక్కడ ఎందుకు వేయలేదు?" అని ఇంగ్లీషులో అడిగాను.

"గోడ మీద ఆ ముక్క దొరకలేదు. దొరకనిది నేనెలా వేస్తాను?" అంది తలెత్తకుండానే.

అరవై యూరోలు చెప్పింది. రూపాయల్లో లెక్క వేసుకుంటే గుండె ఆగినంత పనయింది. బేరం అడిగితే నవ్వి తల అడ్డంగా ఊపింది. కొనేశాను. తువ్వాలులో చుట్టి, సూట్‌కేసులో వేయకుండా ఒళ్లో పెట్టుకునే ఏథెన్స్ విమానంలో కూర్చున్నాను.