వాకలపూడి తీరంలో జాగ్వార్లు

2023 సంక్రాంతికి ఊరెళ్ళి, పండగ అయిపోయినా వెంటనే హైదరాబాద్ రాకుండా ఆగిపోయాను. కనుమ నాడు కాకైనా కదలదంటారు గానీ మా కోనసీమలో ఆ రోజే జనం అంతా కదులుతారు, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి. అదీ చూశాం. మర్నాడు తినాల్సినవన్నీ తిన్నాం. ఇక సంచులు సర్దుకుంటుంటే కాకినాడ నుంచి మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. “మామయ్యా, మా మేడ మీంచి తీశాను, ఇవేం విమానాలో చెప్పు.”

వీడియో అంతా వణుకే. సగం ఆకాశం, సగం పక్కింటి నీళ్ళ ట్యాంకు. విమానం కనిపించింది రెండు సెకన్లే. ఒంటికి పైభాగాన రెక్క, కిందికి వాలిన తోక పలకలు, ఉలి మొనలా కోసుకున్న ముక్కు. జాగ్వార్. ఎయిర్‌ఫోర్స్‌లో నా ఉద్యోగం సగానికి పైగా దాని కిందే గడిచింది. నిజంగానే కింద. నేను ఇంజిన్ ఫిట్టర్‌ని. జాగ్వార్‌లో రెండు అడూర్ ఇంజిన్లుంటాయి, వాటిని దింపాలన్నా ఎక్కించాలన్నా పొట్ట కింద తలుపులు తెరిచి అక్కణ్ణించే చెయ్యాలి. అందుకే ఆ విమానాన్ని పక్క నుంచి చూసిన దానికంటే వెల్లకిలా పడుకుని చూసిందే ఎక్కువ.

అప్పుడు కాకినాడలో ఆంఫెక్స్ జరుగుతోంది. నౌకల్లోంచి సైన్యాన్ని, బళ్ళని ఒడ్డుకి దింపే సాధన అది, మూడు దళాలూ కలిసి చేస్తాయి. ఆ ఏడాది జనవరి 17 నుంచి 22 దాకా పెట్టారు. ఆర్మీ వాళ్ళే 900 మందికి పైగా వచ్చారు. ఎయిర్‌ఫోర్స్ నుంచి జాగ్వార్లు, సీ-130 రవాణా విమానం. టికెట్ మార్పించుకున్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు, అనకపోవడంలోనే ఉంది అంతా.

బావమరిది బైకు తీశాడు. ముమ్మిడివరం దాటేదాకా మంచు వదల్లేదు. రోడ్డుకి ఒక పక్క దాళ్వా ఊడ్పులు మొదలైన చేలు, ఇంకో పక్క రొయ్యల చెరువులు. నా చిన్నప్పుడు రెండు పక్కలా వరే ఉండేది. ఇప్పుడు చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతుంటే, మంచులో ఆ మోటార్ల మోత చాలా దూరం వినిపిస్తోంది. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద వంతెన ఎక్కాం. బాలయోగి వారధి అంటారు దాన్ని. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా జి.ఎం.సి. బాలయోగి గారు 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయారు. అది పడింది కూడా ఒక చేపల చెరువులోనే. ఆ వార్త తెలిసినప్పుడు నేను యూనిట్‌లో ఉన్నాను. మా వాళ్ళంతా మీ ఊరి మనిషేనటగా అని పరామర్శిస్తే, ఔను మా ఊరి మనిషే అన్నాను. కోనసీమ అంతా ఒక్క ఊరే అనుకుంటే తప్పేం లేదు.

యానాం రాగానే బైకు దానంతటదే నెమ్మదించింది. “కాసేపు ఆగుదామా బావా?” అన్నాడు బావమరిది. అక్కడ ఏది చవకో తెలియనివాళ్ళు ఈ జిల్లాల్లో లేరు. తిరుగు ప్రయాణంలో చూద్దాం అని చెప్పి ముందుకు నడిపించాను. తాళ్ళరేవు, కోరంగి. మడ అడవుల దగ్గర ఆగలేదు.

కాకినాడ దగ్గర వాకలపూడి లైట్‌హౌస్ అవతల, సూర్యారావుపేట వైపు నేవీకి సొంత స్థలం ఉంది. అటు పోనివ్వరని తెలుసు, పోలేదు కూడా. ఇవతల ఇసుకలో వలలు ఆరేసిన చోట ఓ పాతిక మంది నిలబడి ఉన్నారు. మేనల్లుడు ముందే వచ్చి టీ కొట్టు పక్కన బల్ల ఆక్రమించి పెట్టాడు. దూరంగా సముద్రంలో బూడిద రంగు నౌకలు. వాటి వైపు చూపిస్తూ టీ కొట్టాయన, ఇలాంటి ఓడలు ఏటా వస్తూనే ఉంటాయండి, మాకిది మామూలే అన్నట్టు మాట్లాడాడు. ఈ తీరం యుద్ధ విమానాల్ని చూడటం కొత్త కాదు, ఆ మాటా నిజమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళ ర్యూజో అనే నౌక మీంచి లేచిన విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా ఒకే రోజు బాంబులు వేశాయి. మా పెద్దవాళ్ళ మాటల్లో “బాంబులు పడ్డ ఏడు” అంటే అదే.

పదకొండు దాటాక వచ్చాయి. రెండు. ముందు కళ్ళకి కనిపించాయి, మోత తర్వాత వచ్చింది. నీళ్ళకి బాగా దగ్గరగా, ఒకదాని వెనక కాస్త పక్కకి ఇంకొకటి. జాగ్వార్‌ని చేసిందే అందుకు. రాడార్‌కి దొరక్కుండా నేలని అంటిపెట్టుకుని పోయి, లోపలికి చొచ్చుకెళ్ళి కొట్టి రావడానికి. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఫోన్లు ఎత్తారు. నేను ఎత్తలేదు. నాకు చెవులే చాలు. అడూర్ మోతలో ఒక సన్నటి ఈల కలిసి ఉంటుంది, వయసుతో పాటు నా చెవి కొంత తగ్గినా ఆ ఈల మాత్రం పట్టుబడింది. బావమరిది ఏదో అడుగుతున్నాడు, వినిపించలేదు.

పక్కన వల సరిచేసుకుంటున్న పెద్దాయన మోత తగ్గాక నా వైపు తిరిగాడు.

“తమరు ఎయిర్‌ఫోర్సాండీ? మీ వోడు చెబుతున్నాడు.”

“ఔనండి, రిటైరయ్యాను.”

“అయితే ఇయ్యి నడిపారన్నమాట.”

“లేదండి. బాగుచేసేవాణ్ణి.”

“ఓహో, మెకానిక్కా,” అని మళ్ళీ వలలోకి తల దించాడు. ఆ ‘ఓహో’ నాకు అలవాటే. ఎయిర్‌ఫోర్స్ అంటే పైలట్ అనుకుంటారు జనం. పెళ్ళిచూపుల్లో మా మామగారు కూడా అదే ‘ఓహో’ అన్నారు.

అలాస్కాలో మాత్రం మమ్మల్ని ఎవరూ అలా అడగలేదు. 2016లో అమెరికన్లు జరిపే రెడ్ ఫ్లాగ్ విన్యాసానికి మన దళం అక్కడి ఐల్సన్ ఎయిర్‌బేస్‌కి వెళ్ళింది. నాలుగు సుఖోయ్-30లు, నాలుగు జాగ్వార్లు, ఇంధనం పోసే ఇల్యూషిన్-78లు రెండు, సీ-17 రవాణా విమానాలు రెండు, మొత్తం 170 మందిమి. ఏప్రిల్ 3న జామ్‌నగర్ నుంచి బయలుదేరి బహ్రెయిన్, ఈజిప్ట్, ఫ్రాన్స్, పోర్చుగల్, కెనడా మీదుగా చేరాం. జాగ్వార్లు దారిలో ట్యాంకర్ విమానం నుంచి గాల్లోనే ఇంధనం నింపుకుంటూ అట్లాంటిక్ దాటాయి. మేం సామానుతో పాటు సీ-17లో. ప్రపంచాన్ని సగం చుట్టి వచ్చానన్న మాటే గానీ నాకు దారిలో కనిపించింది ఎదురుగా కట్టేసిన పెట్టెలే.

రెడ్ ఫ్లాగ్ వెనక ఒక లెక్క ఉంది. వియత్నాం యుద్ధం తర్వాత అమెరికన్లు చూసుకుంటే, మొదటి పది సార్టీలు, అంటే యుద్ధంలో పది సార్లు ఎగిరి రావడం, బతికి బయటపడ్డ పైలట్ ఆ తర్వాత కూడా బతికే అవకాశం బాగా ఎక్కువని తేలింది. ఆ మొదటి పదీ యుద్ధంలో కాకుండా సాధనలోనే అయిపోవాలని 1975లో నెవాడాలో మొదలుపెట్టారు. అలాస్కాలో జరిగేదానికి ముందు కోప్ థండర్ అని పేరు. అది ఫిలిప్పీన్స్‌లో జరిగేది, 1991లో పినటూబో అగ్నిపర్వతం పేలాక ఐల్సన్‌కి మారింది. 2004లో మన జాగ్వార్లు అక్కడికి వెళ్ళి వచ్చాయి. కాబట్టి 2016లో వెళ్ళిన మేం మొదటివాళ్ళం కాదు. శత్రువు పాత్ర వేసే ఎఫ్-16లు అప్పుడు అక్కడే ఉండేవి, రష్యా విమానాల్లా నీలం, నలుపు మచ్చల రంగులు వేసుకుని. మన జాగ్వార్ల దగ్గరికైతే అమెరికన్ టెక్నీషియన్లు పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో, ఒమాన్ 2014లో ఆపేశాక జాగ్వార్ నడిపేది మనమొక్కళ్ళమే. 1979లో మన దళంలో చేరిన విమానం ఇంకా ఎగురుతోందంటే వాళ్ళకి నమ్మకం కుదిరేది కాదు. దాని మెయిన్ వీల్స్ చూసి, ఇంత బరువైన కాళ్ళెందుకు దీనికి అని అడిగేవారు. గతుకుల నేల మీదా, అవసరమైతే రోడ్డు మీదా దిగడానికి అని చెప్పేవాళ్ళం.

చలి గురించి చెప్పాలంటే, ఒక్క పని చెబితే చాలు. వైర్ లాకింగ్. ఇంజిన్ మీద ముఖ్యమైన నట్లు అదురుకి వదులు కాకుండా సన్నటి స్టీలు తీగని రంధ్రంలోంచి దూర్చి, రెండు పోగుల్నీ బిగుతుగా మెలిపెట్టి పక్క నట్టుకి కట్టాలి. మెలిక ఏ వైపు తిరగాలో కూడా లెక్కే. నట్టు వదులవ్వబోతే తీగ దాన్ని వెనక్కి లాగేలా ఉండాలి. దళసరి గ్లౌజులతో ఆ పని అవదు. తీసేస్తే, ఏప్రిల్ తెల్లవారుజామున ఆ ఇనుము వేళ్ళకి అంటుకుంటుంది. మెలి తిప్పడం, చేతులు చంకల్లో పెట్టుకోవడం, మళ్ళీ మెలి తిప్పడం. గోదావరి ఉక్కలో పుట్టినవాణ్ణి, నా వేళ్ళకి ఆ పని ఎవరు చెప్పారో అనుకునేవాణ్ణి. అక్కడ కార్లు నిలిపే చోట్ల ప్లగ్గులుంటాయి, చలికాలంలో ఇంజిన్ గడ్డకట్టకుండా హీటర్ తగిలించుకోవడానికి. అవి చూసి మా పంజాబీ సార్జెంట్, మనుషులకి కూడా ఇలాంటిదొకటి పెడితే బాగుణ్ణు అనేవాడు.

మే నెల మొదట్లోనే అక్కడ రాత్రి పది దాటాక గానీ పొద్దు గుంకదు. నిద్ర పట్టక తిరిగేవాళ్ళం. ఆ ఖాళీలో దగ్గరి పట్టణం నుంచి పనికొచ్చే ఒకతను పందెం కథ చెప్పాడు. తనానా అని వాళ్ళకో నది ఉంది. చలికాలం అంతా గడ్డకట్టి ఉంటుంది. నెనానా అనే ఊళ్ళో ఆ మంచు మీద కర్రలతో ఒక గుంజ నిలబెట్టి, దానికి తీగ కట్టి ఒడ్డున గడియారానికి తగిలిస్తారు. మంచు విరిగి గుంజ కదిలితే గడియారం ఆగిపోతుంది. ఆ నిమిషం ఏదో ముందే చెప్పినవాళ్ళకి డబ్బు. 1917 నుంచీ నడుస్తోందట, అప్పట్లో టికెట్ రెండున్నర డాలర్లు. ఆ ఏడాది ఏప్రిల్ 23నే కదిలిపోయింది, మాకు చూడటం కుదరలేదు. నది మీద పందెమా అని ఆశ్చర్యపోతే, మీరు దేని మీద కాస్తారు అని అడిగాడు. కోళ్ళ మీద అన్నాను. కత్తులు కట్టడం గురించి చెప్పేసరికి అతని ముఖం మారింది. ఇంకెక్కువ చెప్పలేదు.

జనం అడగరు గానీ, మా పనిలో అసలు కష్టం బిగించడంలో లేదు. చాక్స్, అంటే చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు, తీశాక మొదలవుతుంది. విమానం కదిలిపోతుంది, మన చేతుల్లో ఏమీ ఉండదు. విమానం మీద చేసిన పనులన్నీ రాసే ఫారం 700లో సంతకం మాత్రం మనదే ఉంటుంది. రెడ్ ఫ్లాగ్ రోజుల్లో లెక్కలేనన్ని విమానాలు లేచేవి. ఆకాశం అంతా ఒకటే మోత. మాకు మాత్రం నాలుగే. నాలుగు వెళ్తే నాలుగు రావాలి. పొద్దున వేసిన మెలిక గట్టిగానే వేశానా అని మనసులో వేళ్ళు మళ్ళీ తిప్పుకునేవాణ్ణి. మూడోది దిగి, వేగం తగ్గించే టెయిల్ చూట్ విప్పుకున్నాక నాలుగోది కనబడేదాకా మా లైన్‌లో ఎవ్వరూ సిగరెట్ మాట కూడా ఎత్తేవారు కాదు. దిగాక పైలట్ నిచ్చెన మీంచి “నో స్నాగ్స్”, లోపాలేవీ లేవు, అంటే, ఆ రోజుకి అదే జీతం.

వాకలపూడిలో అవి రెండోసారి వచ్చి, హోప్ ఐలాండ్ వైపు తిరిగి వెళ్ళిపోయాయి. మేనల్లుడు బైకు తాళం తీశాడు. బావమరిది కోటయ్య కాజాల సంగతి ఎత్తాడు. నేను కదల్లేదు. ఇక్కడ దిగవని తెలుసు. ఎక్కడో రన్‌వే పక్కన నాలాంటివాడు చాక్స్ పట్టుకుని నిలబడి ఉంటాడు, ఆ రెండూ అతని లెక్క. అయినా కాళ్ళు రావడం లేదు.

“వెళ్ళిపోయాయిగా మామయ్యా, ఇంకేం చూస్తావ్?”

“దిగాయో లేదో అని.”

“అది మనకెలా తెలుస్తుంది?”

“తెలీదు,” అన్నాను.

కాజాల కొట్టు దగ్గర మేనల్లుడు నెమ్మదిగా అసలు విషయం బయటపెట్టాడు. ఎయిర్‌ఫోర్స్‌లో చేరే అగ్నివీర్ వాయు నోటిఫికేషన్ పడితే అప్లై చేద్దామనుకుంటున్నాడట. నాలుగేళ్ళు, ఆ తర్వాత నలుగురిలో ఒకణ్ణే ఉంచుతారు, నీ ఉద్దేశం ఏంటి అన్నాడు. నాలుగేళ్ళలో ఇంజిన్ చేతికి రాదని నా అభిప్రాయం, అదే చెప్పాను. మీ అమ్మతో మాట్లాడావా అంటే లేదన్నాడు. ముందు ఆవిడతో మాట్లాడు, ఈలోగా పొద్దున్నే లేచి పరుగు మొదలుపెట్టు అన్నాను. బావమరిది మధ్యలో దూరి, చీకటి పడకుండా బయలుదేరదాం బావా, యానాంలో పనుంది అని గుర్తుచేశాడు.