క్వార్ట్జ్‌సైట్ ఎడారిలో క్రిస్మస్ సెలవులు: నీళ్ళు, ట్యాంకులు, ఎర్ర కందిపప్పు

డిసెంబర్ ఆఖర్లో ఆఫీసు ఎలాగూ మూసేస్తారు, పిల్లలేమో ఈసారి స్నేహితులతో వెళ్తామన్నారు, ఇద్దరం ఇంట్లో కూర్చుని టీవీ చూసే బదులు ఒక ఆర్వీ అద్దెకు తీసుకుని అరిజోనా ఎడారికి పోదామన్నారు మావారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ ఉన్న బండి కదా, ఇబ్బందేముంటుంది అని ఆయన ధీమా. వెళ్ళాలనుకునే తెలుగువాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. సూర్యాస్తమయాల గురించి అందరూ రాస్తారు, నేను రాసేదంతా ఎక్కువగా నీళ్ళ గురించే.

మేముండేది లాస్ ఏంజెలెస్ దగ్గర. ఐ-10 హైవే ఎక్కి పామ్ స్ప్రింగ్స్, ఇండియో, బ్లైత్ దాటాక కొలరాడో నది వస్తుంది, నదికి అవతల అరిజోనా, అక్కణ్ణుంచి ఓ ఇరవై మైళ్ళు పోతే క్వార్ట్జ్‌సైట్. నది దాటగానే గడియారం గంట ముందుకి జరుగుతుంది, చూసుకోండి. 2020 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో ఉన్నది 2,413 మంది. చలికాలం వస్తే చాలు, మంచు ప్రాంతాల నుంచి, కెనడా నుంచి రిటైరైనవాళ్ళు వేలాది బండ్లు వేసుకుని దిగిపోతారు. జనవరిలో ఆర్వీ ఎగ్జిబిషన్, రాళ్ళూ రత్నాల సంతలూ జరిగేటప్పుడైతే ఇసకేస్తే రాలదట. మేం వెళ్ళింది క్రిస్మస్‌కి కాబట్టి కాస్త ఖాళీగానే ఉంది.

ఎక్కడ దిగాలన్న దగ్గరే మాకు మొదటి వాదన. ఊరి చుట్టూ ప్రభుత్వ భూమి, కేంద్రం చేతిలోని బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది. ప్లొమోసా రోడ్డు వైపు 14 రోజుల దాకా పైసా కట్టకుండా ఉండొచ్చు. ఊరికి దక్షిణాన లా పోసా అనే చోట మాత్రం పర్మిట్ ఉండాలి, మేం వెళ్ళినప్పుడు 14 రోజులకి 40 డాలర్లు, సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా మొత్తం సీజన్‌కైతే 180. ఊరికే వస్తున్నప్పుడు 40 ఎందుకు తగలేయడం అని ఆయన. మరి బాత్రూమ్ ట్యాంక్ ఎక్కడ ఖాళీ చేస్తారు, మంచినీళ్ళు ఎక్కడ పడతారు అని నేను. లా పోసాలో ఆ రెండూ ఉన్నాయి, చెత్త వేసే చోటు కూడా ఉంది. 40 డాలర్లు కట్టాం.

బండి అద్దెకు తీసుకునే ముందు అడగాల్సినవి రెండు. మట్టి రోడ్డు మీదికి తీసుకెళ్ళనిస్తారా, జనరేటర్ వాడితే గంటకి ఇంత అని వేస్తారా? కాగితాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి. మాకు ఇచ్చినాయన అరగంటలో అన్నీ గబగబా చూపించేశాడు గానీ బ్యాటరీ పాతదన్న సంగతి చెప్పలేదు, అది మొదటి రాత్రే తెలిసింది. హీటర్ నడిచేది గ్యాస్ మీదే అయినా దాని ఫ్యాన్‌కి బ్యాటరీ కావాలి, ఎడారిలో రాత్రిళ్ళు చలి ఎముకలు కొరికేస్తుంది, తెల్లారేసరికి ఫ్యానూ లేదు, లైటూ లేదు. ఆ తర్వాత పడుకునే ముందు హీటర్ కట్టేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న రగ్గులు రెండేసి కప్పుకున్నాం. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా జనరేటర్ వేయకూడదు. మిక్సీ కూడా జనరేటర్ ఉన్నప్పుడే, కాబట్టి పచ్చడి చేయాలంటే టైమ్ చూసుకోవాలి.

బండి నిలిపేటప్పుడు వాన పారే వాగు దారిలో పెట్టొద్దు, ఎంత ఎండి ఉన్నా సరే. నేల సమంగా లేకపోతే చక్రాల కింద దిమ్మలు పెట్టి సరిచేయాలి, వంకరగా ఉంటే గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ సరిగ్గా చల్లబడదు.

ఇక అసలు సంగతి. మా బండిలో మంచినీళ్ళు సుమారు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. వాడిన నీళ్ళు పట్టే గ్రే ట్యాంక్ అంతకన్నా చిన్నది. మంచినీళ్ళు అయిపోతాయేమోనని భయపడ్డాం గానీ, ముందు నిండేది గ్రే ట్యాంకే. అది నిండితే సింకులో, షవర్ కింద నీళ్ళు నిలిచిపోతాయి, నేల మీద పారబోయడం నిషేధం. మన వంటకి ఎన్ని నీళ్ళు పోతాయో అక్కడ అర్థమైంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, మూకుడు తోమిన జిడ్డు నీళ్ళు! బియ్యం కడిగిన నీళ్ళని గిన్నెలో పట్టి దాంతోనే ఎంగిలి గిన్నెలు మొదటిసారి తొలిచేదాన్ని, అంతకు ముందు కాగితంతో జిడ్డంతా తుడిచేసి. స్నానమంటే ఒళ్ళు తడుపుకుని, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పుకోవడం. మావారికి ఇది రెండో రోజుకే అలవాటైంది, ఇంటికొచ్చాక ఎక్కడికి పోయిందో ఆ అలవాటు.

తిరగమోత వేస్తే చాలు లోపల స్మోక్ అలారం గోల, అందుకని వంట బయట మడత బల్ల మీదికి మార్చాను. ఒకరోజు మధ్యాహ్నం కుక్కర్ పెట్టాను. చీమ చిటుక్కుమన్నా వినపడే ఆ ఎడారిలో కుక్కర్ కూత పెట్టేసరికి పక్క బండి పెద్దాయన గ్యాస్ లీకవుతోందేమోనని పరుగున వచ్చాడు. మూత తీసి చూపించాను, టమాటా వేసిన ఎర్ర కందిపప్పు, అదే మసూర్ పప్పు. ఆయన వంగి చూసి పగలబడి నవ్వాడు. కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రం వాళ్ళది, జీవితమంతా పండించింది ఈ పప్పేనట! పండించి రైలెక్కించడమే గానీ ఇలా వండుకోవడం చూడలేదన్నాడు. మావారిది దుగ్గిరాల, ఇంట్లో పసుపు పండించేవాళ్ళు, ఇంక ఇద్దరూ కుర్చీలేసుకుని ధరల గురించి మొదలెట్టారు. 2017 డిసెంబర్‌లో మన దేశం ఈ పప్పు మీద 30 శాతం దిగుమతి సుంకం వేసిన సంగతి ఆయనకి నిన్నటిలా గుర్తుంది. ఆ ఏడాది ధర పడిపోయి పప్పు అమ్మకుండా గిడ్డంగిలోనే ఉంచేసుకున్నామన్నాడు. మావారు దానికి మన రైతు తరఫున వాదించారు, ఆయన ఒప్పుకోలేదు, ఈలోగా నేను అన్నం, పప్పు, నెయ్యి పెట్టాను. క్రిస్మస్ రోజు అందరూ తలో వంటకం తెచ్చుకున్న విందుకి పులిహోర తీసుకెళ్తే, ఆయన మాత్రం పప్పేదని అడిగాడు.

ఊళ్ళో చూడాల్సినదంటే హై జాలీ సమాధి. హాజీ అలీ (అమెరికన్ల నోట్లో హై జాలీ) అనే ఒంటెల కాపరిని 1850లలో అమెరికా సైన్యం ఒంటెలతో పాటు రప్పించుకుంది. ఆయన 1902లో ఇక్కడే పోయాడు, పిరమిడ్ ఆకారంలో కట్టి పైన ఒంటె బొమ్మ పెట్టారు. పది నిమిషాల్లో చూసేయొచ్చు.

ట్యాంకులు ఖాళీ చేయడం అసహ్యమనిపిస్తుంది గానీ చేతనైతే పావుగంట పని. గ్లవ్స్ వేసుకుని ముందు బ్లాక్ ట్యాంక్, అంటే మరుగుదొడ్డిది, వదలాలి, తర్వాత గ్రే, అప్పుడు సబ్బు నీళ్ళు పైపుని కడుక్కుంటూ పోతాయి. ఆ రోజు పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి బండ్ల బారు పెరుగుతుంది.

ఇంటికొచ్చినప్పటి నుంచీ మావారు రోజూ ఫోన్లో పాత ట్రైలర్ల ఫొటోలు చూపిస్తున్నారు, సోఫా బాగుంది, కిటికీ పెద్దది అంటూ. గ్రే ట్యాంక్ ఎన్ని గ్యాలన్లో ముందు చదవండి అంటున్నాను.