మేడిచెట్టు దిగిన తర్వాత

మొన్న ఆదివారం సికింద్రాబాద్‌లో మా సంఘంలో లూకా సువార్త 19వ అధ్యాయం చదివారు. సండే స్కూలు రోజుల నుంచి విన్న జక్కయ్య కథే. సుంకపు గుత్తదారుడు, అంటే పన్నులు వసూలు చేసేవాడు; యేసును చూడాలని మేడిచెట్టు ఎక్కాడు. ఈసారి మాత్రం 8వ వచనంలో అతను యేసుతో అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. "నేనెవనియొద్దనైనను అన్యాయముగా దేనినైనను తీసికొనినయెడల అతనికి నాలుగంతలు మరల చెల్లింతును."

ఒకప్పుడు మా ఇంట్లో పనిచేసిన ఆమె గుర్తొచ్చింది. కూతురికి డెంగ్యూ వచ్చి ఆరు రోజులు రాలేదు. నెలాఖరున ఆ ఆరు రోజుల డబ్బులు జీతంలో కోసేసి ఇచ్చాను. ఆమె ఏమీ అనలేదు. నోట్లు లెక్కపెట్టుకుంది, మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుంది, కొంగున ముడి వేసుకుని వెళ్లిపోయింది. ఆ రెండోసారి లెక్కపెట్టుకోవడం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఆ రాత్రి ప్రార్థనలో దేవుణ్ణి క్షమించమని అడిగాను. మనసు తేలికైంది. ఇక అయిపోయిందనుకున్నాను.

"మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అన్న ఎఫెసీ 2:8 మనలో చాలామందికి కంఠతా వచ్చు. అది సత్యం, నా ఆశంతా దానిమీదే. జక్కయ్య పైసా తిరిగి ఇవ్వకముందే, ఇస్తానని అనకముందే, యేసు చెట్టు కింద ఆగి పేరుపెట్టి పిలిచాడు. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు. అదీ ఊరంతా అసహ్యించుకునే సుంకపు గుత్తదారుడితో! జనం సణిగినా ఆయన వెళ్లాడు.

ప్రభువు ఇంటికి వచ్చాక జక్కయ్య లెక్క తీశాడు. మోసం చేసి తీసుకున్నదాన్ని ఒప్పుకుని తిరిగి ఇచ్చేవాడు అసలుతో పాటు ఐదో వంతు కలిపి ఇస్తే చాలని లేవీయకాండం 6వ అధ్యాయంలో ఉంది. నాలుగంతలు అనేది గొర్రెను దొంగిలించి అమ్మినవాడికో చంపినవాడికో నిర్గమకాండం 22:1 పెట్టిన శిక్ష. ఎవరూ బలవంతం చేయకుండానే జక్కయ్య తనను గొర్రెల దొంగల వరసలో నిలబెట్టుకున్నాడు! ఇన్నేళ్లూ ఇది నా కంటపడలేదు.

"భయముతోను వణకుతోను మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి" అని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. సంపాదించుకొనుడి అనలేదు. మీలో కార్యసిద్ధి కలుగజేసేవాడు దేవుడే అని ఆ పక్క వచనంలోనే ఉంది. నా పాపానికి వెల యేసు సిలువమీద చెల్లించాడు. కానీ అడ్డగుట్టలో ఆమె ఇంటికి నేనే వెళ్లాలి.

సోమవారం సాయంత్రం వెళ్లాను. గుమ్మం దగ్గరే కవరు చేతికిచ్చి, ఆ రోజు నేను చేసింది తప్పని చెప్పాను. "ఎప్పటి పైసలో అమ్మా, ఇప్పుడెందుకు" అంది. నాలుగంతలు తీసుకోలేదు. ఆరు రోజుల డబ్బులు లెక్కపెట్టి తీసుకుని, మిగతావి నా చేతిలో పెట్టింది. లోపలికి రమ్మని చాప పరిచింది. పాప ఓ మూలన హోంవర్క్ రాసుకుంటోంది.

ఒంట్లో ఎలా ఉందమ్మా అని పాపను అడిగాను. ఆ నెల అడగలేదు.