ఇక్కడ ఉప్పు, బెజవాడలో ఎలుకలు: పాత కారు బ్రేకు లైటు కథ

బెజవాడ నుంచో గుంటూరు నుంచో అమెరికా వచ్చిన కుర్రాళ్లు చాలామంది మొదట కొనేది పదిహేనేళ్ల పాత కరోలానో సివిక్కో. చలికాలం గడిచేసరికి డాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేకు లైటు వెలుగుతుంది. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న చెప్పేది ఒకటే: "కాస్త బ్రేక్ ఆయిల్ పోయించరా, ఆరిపోద్ది." బెజవాడలో చాలాసార్లు ఆరిపోతుంది కూడా. మంచు కురిసే మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల మాత్రం ఆ సలహా ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు ఆ "ఆయిల్" సంగతి. పేరుకే ఆయిల్, అందులో ఉండేది గ్లైకాల్ రకం ద్రవం. ఆటోనగర్ మెకానిక్ ఏ డబ్బా అందుకోవాలో తెలిసినవాడు గనక పేరుతో పేచీ లేదు. ఇక్కడ అమెరికాలో షాపు అరల ముందు ఒంటరిగా నిలబడి డబ్బా ఎంచుకునేవాడికే ఉంది ప్రమాదం. ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ద్రవమో పోశారంటే లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ద్రవాన్ని గొట్టాల్లోకి తోసేది) నుంచి కాలిపర్ల (చక్రం దగ్గర ప్యాడ్లను డిస్కుకు నొక్కేవి) దాకా రబ్బరు ఉన్న ప్రతి సామానూ మార్చాల్సిందే. రిజర్వాయర్ (బానెట్ కింద బ్రేకు ద్రవం ఉండే చిన్న తొట్టి) మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. డాట్ 5 సిలికాన్‌ది, వాటితో కలవదు.

ఎర్ర లైటు వెలిగితే మొదట హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దిగిందో లేదో చూడండి. దిగినా వెలుగుతుంటే బానెట్ ఎత్తి, ఫోన్ టార్చి రిజర్వాయర్ పక్క నుంచి కొట్టండి, మట్టం కనిపిస్తుంది. మలుపులోనో, బ్రేకు తొక్కినప్పుడో లైటు మిణుకుమని ఆరిపోతోందంటే మట్టం మిన్ గీత దగ్గరికి వచ్చినట్టే. కారు వంగినప్పుడల్లా లోపలి ఫ్లోట్ దిగుతుంది. ఇక్కడ ఎగ్జిట్ ర్యాంపులో కనిపించేదీ, బెజవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ మలుపులో కనిపించేదీ ఇదే.

మట్టం ఎందుకు దిగింది? ప్యాడ్లు అరిగే కొద్దీ కాలిపర్లలోని పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ద్రవం పోతుంది. అది లీకు కాదు. కొత్త ప్యాడ్ మందం 10 నుంచి 12 మిల్లీమీటర్లు. 3కి వచ్చిందంటే మార్చేయాలి. అరిగిన ప్యాడ్ల మీద మ్యాక్స్ దాకా పోస్తే, కొత్తవి వేసి పిస్టన్లు వెనక్కి నొక్కినప్పుడు ద్రవం పొంగి బయటికొస్తుంది. పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

ప్యాడ్లు బాగానే ఉండి మట్టం దిగిందంటే లీకు. ఇక్కడే ఉప్పు వస్తుంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగున ఉండే ఉక్కు బ్రేకు గొట్టాలను తినేస్తుంది. ఎక్కువగా చిల్లు పడేది క్లిప్పులు పట్టుకునే చోట, తడి మట్టి నిలిచే చోట, వెనక చక్రాల దగ్గర. కారు ఆపి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను గట్టిగా తొక్కి అర నిమిషం అలాగే పట్టండి. మెల్లగా కిందికి దిగిపోతోందంటే లీకైనా ఉంది, మాస్టర్ సిలిండర్ సీళ్లైనా పోయాయి. ఆ కారును ఇక నడపొద్దు, టో చేయించండి. కొత్త గొట్టం నికెల్-కాపర్‌ది వేయిస్తే తుప్పు బాధ తప్పుతుంది. చిల్లు పడ్డ ముక్క కోసి మధ్యలో కంప్రెషన్ ఫిట్టింగ్ బిగించి సర్దేస్తామంటే ఒప్పుకోవద్దు, బ్రేకు ఒత్తిడికి అది నిలవదు.

పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, చక్రం బిగుసుకోకుండా కాపాడేదే ఉండదు. ఎర్రదీ పసుపుదీ కలిసి వెలిగితే వెనక చక్రాలకు ఒత్తిడి సర్దే వ్యవస్థ కూడా పోయి ఉండొచ్చు. గట్టిగా తొక్కితే బండి వెనక భాగం తిరిగిపోతుంది.

ఉప్పు ఊళ్లలో ఇంకో వింత: పొడి రోడ్డు మీద కారు ఆగబోయే ముందు పెడల్ గడగడలాడుతుంది. చక్రం వేగం చూసే సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొరలుగా లేచి, సెన్సర్‌ను పైకి తోస్తుంది. చక్రంతో పాటు తిరిగే పళ్ల చక్రానికి దూరమై సిగ్నల్ సన్నబడితే, చక్రం ఆగిపోయిందని కంప్యూటర్ పొరబడి ఏబీఎస్‌ను పనిచేయిస్తుంది. సెన్సర్ తీసి కింది తుప్పు గీకి, పల్చగా గ్రీజు రాసి పెడితే చాలు. కానీ తీసేటప్పుడు ఆ ప్లాస్టిక్ తల విరగడం మామూలే. కొత్తది చేతిలో ఉంచుకునే మొదలుపెట్టండి. ఏ చక్రందో తెలియాలంటే ఏబీఎస్ చదివే స్కానర్ కావాలి. చవక రకాలు చాలావరకు ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి. ఈ పని అపార్ట్‌మెంట్ పార్కింగులో పెట్టుకునే ముందు అద్దె ఒప్పందం చదవండి. అక్కడ కారు రిపేరు చేయకూడదని చాలా వాటిలో రాసి ఉంటుంది.

ఇక పటమటలోనో బ్రాడీపేటలోనో గుడ్డ కప్పి వదిలేసి వచ్చిన కారు. ఏడాదికోసారి సంక్రాంతికి వెళ్లి తాళం తిప్పితే లైట్లన్నీ ఒకేసారి పలకరిస్తాయి. కంగారు పడి సెన్సర్లు కొనకండి. ముందు బ్యాటరీ చూడండి. కారు ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి. వోల్టేజి పడిపోతే ఏబీఎస్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. తర్వాత ఎలుకలు. చక్రాల దగ్గరికి వెళ్లే సన్నటి సెన్సర్ వైర్లు వాటికి మహా ఇష్టం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో నానిన కారైతే కనెక్టర్లు విప్పి చూడండి, పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉండొచ్చు.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తడి పట్టాక ఆ కనీసం 140కి పడిపోతుంది. కృష్ణ ఒడ్డున ఆ తేమకు కొదవ లేదు. రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి, లీటరు సరిపోతుంది. గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు పెడల్‌ను అడుగుదాకా తొక్కనివ్వద్దు. పాత మాస్టర్ సిలిండర్‌లో సీలు ఎన్నడూ వెళ్లని చోట తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. అక్కడ గీసుకుంటే అప్పటిదాకా బాగున్న బ్రేకు ఆ రోజే పోతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెడితే ఈ బాధ ఉండదు.

బెజవాడలో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు తాళం ఆన్‌లో పెట్టి చూడాలి. ఎర్ర లైటు, ఏబీఎస్ లైటు ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగలేదంటే బల్బు పీకేసి అమ్ముతున్నారేమో! 2019 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటికి అసలు ఏబీఎస్సే లేదు, అది వేరే సంగతి.

తిరుగు విమానం ఎక్కే ముందు కారును గేర్‌లో ఉంచి, చక్రాలకు ఇటుకలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించేయండి. వేసి వదిలేస్తే వానాకాలంలో వెనక బ్రేకు షూలు డ్రమ్ముకు అంటుకుపోతాయి. నాన్న వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేస్తే డిస్కుల మీది తుప్పు పోదు. బెంజి సర్కిల్ దాకా వెళ్లి, నాలుగుసార్లు బ్రేకు తొక్కి రమ్మనండి.