పర్సోం అంటే ఎప్పుడు?

మాది భీమవరం. ఫిజియోగా హైదరాబాద్ వచ్చిన కొత్తలో పాతబస్తీలో, శాలిబండ దగ్గర ఒక ఇంటికి రోజు విడిచి రోజు వెళ్లేవాణ్ని. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన పెద్దావిడ.

మొదటి రోజే "ఏం బేటా, నువ్వు ఏ ఊరోనివి?" అంది. చివుక్కుమంది. మా వైపు పేషెంట్లు 'డాక్టరు గారూ, మీరూ' అనే అంటారు మరి. నేను సినిమా హిందీలో "తుమ్ పైర్ ఉఠావ్" (నువ్వు కాలెత్తు) అన్నాను. గదిలో మాటలాగిపోయాయి. వెళ్లేటప్పుడు వాళ్లబ్బాయి గుమ్మం దగ్గర మెల్లగా చెప్పాడు: "మేం చిన్నపిల్లల్ని కూడా ఆప్ (మీరు) అంటం సార్." ఆవిడ తెలుగులో అన్న నువ్వు చనువు. నేను ఉర్దూలో అన్న తుమ్ మాత్రం తప్పే.

కాలు పట్టుకోవడం కూడా అంతే. క్లినిక్‌లో అలవాటుగా పట్టేసుకుంటాం. ఇక్కడ పరదా బయట ఆగి, కోడలొచ్చి కూర్చున్నాక, "పట్టుకోనా అమ్మీ?" అని అడిగి చెయ్యి వేసేవాణ్ని.

అన్నీ కుదిరినా మోకాలు వంగడం 80 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. వ్యాయామం ఎప్పుడు చేశారంటే ఎప్పుడూ ఒకటే జవాబు: "పర్సోం కరీ." హిందీలో పర్సోం అంటే జరిగిపోయినదానికి మొన్న, జరగబోయేదానికి ఎల్లుండి. మొన్న చేశారనే రాసుకునేవాణ్ని. ఒకరోజు మాటల్లో "బేటీ షాదీ పర్సోం హుయీ" (అమ్మాయి పెళ్లి పర్సోం అయింది) అంది. ఆ బేటీ కూతురు ఇంటర్ పుస్తకాలతో మా ఎదురుగానే నిలబడి ఉంది! ఇక్కడి ఉర్దూ అయిన దక్కనీలో పర్సోం అంటే గడిచిన రోజు ఏదైనా కావచ్చట. (మనం మాత్రం పదేళ్ల కిందటి సంగతిని 'మొన్నీమధ్యే' అనమా?)

అప్పట్నుంచి ఎప్పుడు అని అడగడం మానేశాను. నేల మీద వద్దన్నాం కాబట్టి ఆవిడ కుర్చీలోనే ఐదు పూటలా నమాజు చేసేది. జొహర్ (మధ్యాహ్నం నమాజు) అయ్యాక మడమ వెనక్కి లాగడం పది సార్లు, అసర్ (సాయంత్రం నమాజు) అయ్యాక పది సార్లు అని పెట్టాను. "ఏ నమాజు తర్వాత చేశారు?" అంటే టకటకా చెప్పేది. మూడు వారాలకు 105 వచ్చింది.

ఆరోజు బ్యాగు సర్దుకుంటూ, "ఎల్లుండి వస్తానమ్మీ, పర్సోం" అన్నాను.

"నీ పర్సోమా బేటా, నా పర్సోమా?" అంది ఆవిడ.